రేపు మాస్టారి వాయిదాలు

కుట్టుమిషను ముందు కూర్చునే మనిషికి రెండు విద్యలు రావాలి. ఒకటి బట్ట కత్తిరించడం, రెండోది గిరాకీలను తిప్పడం. మొదటి విద్యలో మాస్టారిని మించినవాళ్ళు ఆ బజారులోనే ఇద్దరో ముగ్గురో ఉండేవారు. రెండోదానిలో మాత్రం ఆయనకు సాటి ఎవరూ లేరు. "కాజాలు ఒక్కటే మిగిలాయండీ, రేపు రండి" అని ఆయన అన్నారంటే బట్ట ఇంకా మడత విప్పలేదని అర్థం. "గుండీలు పెట్టేస్తే అయిపోయినట్టే" అన్నారంటే కొలతలు మళ్ళీ తీసుకోవాలని అర్థం. ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో కనిపించే బాధ చూసి, దులిపేద్దామని వచ్చినవాళ్ళు కూడా స్టూలు లాక్కుని కూర్చుని, టీ తాగి, "పోనీలెండి మాస్టారూ, రేపే వస్తాం" అని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. అలా ఆయనకు రేపు మాస్టారు అనే పేరు స్థిరపడింది. అసలు పేరు ఇంట్లోవాళ్ళకే తడుముకుంటే గానీ గుర్తుకొచ్చేది కాదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ చొక్కా చివరికి వచ్చేది, ఒంటికి అతికినట్టు కూడా ఉండేది. అందుకే ఆయనకు వాయిదా మీద అంత నమ్మకం. తొందరపెట్టేవాడు మూడోసారికి నెమ్మదిస్తాడు, నాలుగోసారికి బతిమాలతాడు, ఆ తర్వాత ఇచ్చింది పుచ్చుకుని దణ్ణం పెట్టి పోతాడు. ఎంత కాలం గడిచినా బట్ట అలమరలో ఎలా పెట్టింది అలాగే ఉంటుంది. గడువు దాటిపోయిందని ఏ చొక్కా తనంతట తాను కుట్టుకున్నట్టు ఆయన ఎన్నడూ వినలేదు.

ఇలాంటి మనిషి మున్సిపల్ కౌన్సిలర్ ఎలా అయ్యారంటే, ఎవరికీ ఆయన మీద కోపం లేకపోవడం వల్ల అయ్యారు. వార్డులో రెండు వర్గాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేనంతగా తగువులాడుకుని, ఆఖరికి విసిగిపోయి, మధ్యేమార్గంగా మాస్టారిని నిలబెట్టాయి. పోటీ చేసినాయన వీధి దీపాలు, కాలువలు, పార్కు అన్నీ రాసి మరీ ఇచ్చాడు. మాస్టారిని అడిగితే "చూద్దాం లెండి" అన్నారు. ఆ నిజాయితీకే జనం ముచ్చటపడ్డారు. గెలిచాక నీళ్ళ కమిటీ, రోడ్ల కమిటీ పెద్దవాళ్ళు ఎగరేసుకుపోగా, మిగిలిన లేఅవుట్ల కమిటీలో ఈయన్ని కూర్చోబెట్టారు. పొలాల్నీ బీళ్ళనీ ఇళ్ళ స్థలాలుగా కోసి అమ్ముకుంటామని వచ్చే దరఖాస్తులు చూసి, సరే అనో కాదు అనో ఫలానా షరతు మీద సరే అనో చెప్పడం ఆ కమిటీ పని. నెలకోసారి సమావేశం. పటాలు వేలాడదీస్తారు, అధికారిణి చదువుతుంది, సభ్యులు చేతులెత్తుతారు, భోజనానికి లేస్తారు. మొదటి ఏడాదంతా మాస్టారు నోరు విప్పిన పాపాన పోలేదు.

నోరు విప్పించింది ఆయన అక్క.

అక్క అంటే మాస్టారికి అమ్మ కిందే లెక్క. చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగింది ఆవిడే, మిషను నేర్చుకోరా అని దుకాణంలో కూర్చోబెట్టింది ఆవిడే. బావ పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. ఉన్నవి రెండు గదులు, రెండూ నేలమట్టానే. ముందు గదిలో కాగితం కోసే బ్లేడు, అట్టలు నొక్కే ఇనప ప్రెస్సు, జిగురు డబ్బాలు, నేల మీది నుంచి మనిషి ఎత్తు దాకా కాగితం కట్టలు. వెనక గదిలో వంట, పడక, మిగిలిన కట్టలు. వాళ్ళుండే సందు ఏటవాలుగా దిగి దిగి సరిగ్గా వాళ్ళ గుమ్మం దగ్గర ఆగుతుంది. పై చివర పెద్ద బీడు, ముళ్ళకంప, మధ్యలో మెత్తటి నేల. ఎంత వాన కురిసినా ఆ బీడు తాగేస్తుంది. ఒక్కసారి మాత్రం పైరోడ్డుకు సిమెంటు వేసినప్పుడు నీళ్ళు దారి తప్పి సందులోకి దిగాయి. గుమ్మం దాటి నాలుగు వేళ్ళ ఎత్తున నిలబడ్డాయి. కాలేజీ లైబ్రరీ వాళ్ళు కుట్టమని ఇచ్చిన పుస్తకాలు అడుగు వరస మొత్తం ఉబ్బిపోయాయి. కాగితానికి నీళ్ళు తగిలాక ఇక చేసేదేమీ లేదు, ఆరబెట్టినా అది పాత కాగితం కాదు.

ఆ బీడునే ఒక కంపెనీ కొన్నది. నూరు పైచిలుకు ప్లాట్లు వేస్తామని, ఎర్రమన్ను పోసి ఎత్తు పెంచుతామని, అడ్డంగా నిలువుగా సిమెంటు రోడ్లు వేస్తామని దరఖాస్తు పెట్టింది. సందంతా గుప్పుమంది. అక్క కొంగు నడుముకు చెక్కుకుని దుకాణానికి వచ్చింది.

"ఒరేయ్, ఆ బీడు ఎత్తు చేస్తే వాననీళ్ళు ఎక్కడికి పోతాయిరా? తిన్నగా మా ఇంట్లోకే కదా. ఆ కాగితాలు మీ కమిటీకే వస్తాయట. నువ్వక్కడ కూర్చుని చేతులెత్తుతావా?"

"నేనుండగా నీకేం భయం అక్కా" అన్నారు మాస్టారు, టేపు మెడలో సర్దుకుంటూ.

"ఎందుకైనా మంచిదని మీ బావ ఎదురు మేడ మీది గది అడిగొచ్చాడు. ఖాళీగానే ఉందట. కాగితమంతా పైకి మార్చేద్దామంటున్నాడు."

"ఎందుకక్కా దండగ! ఈ వయసులో ఆ కట్టలు మోసుకుంటూ బావ మెట్లెక్కి దిగాలా? గదీ వద్దు, గాడిద గుడ్డూ వద్దు. ఆ లేఅవుట్ రాదు. నేను రానివ్వను."

కాజాలు కుడుతున్న ఆయన భార్య తలెత్తి చూసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నోట "రానివ్వను" అనే మాట ఆవిడ వినడం అదే మొదటిసారి. అక్క కళ్ళు తుడుచుకుంది. సాయంత్రమే బావ వెళ్ళి ఆ గది అక్కర్లేదని చెప్పి వచ్చాడు.

సమావేశం రోజున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నారు. పొడుగాటి హాలు, తిరుగుతున్నాయో లేదో తెలియని ఫ్యాన్లు, గోడకు పటం. పటం పక్కన లేఅవుట్ల అధికారిణి నిలబడింది. బక్కపల్చటి మనిషి, నవ్వినట్టు ఎవరూ చూడలేదు, గొంతు పెంచదు, తగ్గించదు. వెనక వరసలో కంపెనీ తరఫు మనిషి ఫైలు ఒళ్ళో పెట్టుకుని, కనిపించిన ప్రతివాడికీ ఒక నవ్వు పడేస్తూ కూర్చున్నాడు.

"స్థలం వాలు సందు వైపు ఉంది" అని ఆమె మొదలుపెట్టింది. "ఉన్నదున్నట్టు ఆమోదిస్తే ఇబ్బంది. కాబట్టి కింది అంచున..."

మాస్టారు లేచి నిలబడ్డారు. రాత్రంతా బట్టీ పట్టిన మాటలు గొంతులో ఉన్నాయి, ఆమె ముగించేదాకా ఆగితే ఎక్కడ మరిచిపోతారో అని భయం.

"ఛైర్మన్ గారూ! ఆ పటంలో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కనపడనిదానికి చెయ్యెలా ఎత్తుతాం? పెద్ద పటం వేయించమనండి. అప్పటిదాకా వాయిదా!"

ఛైర్మన్ గడియారం చూసుకున్నాడు. భోజనాల వేళ దాటుతోంది. మిగతావాళ్ళకి పటం పెద్దదైనా చిన్నదైనా ఒకటే, లేవడం ముఖ్యం. చేతులు లేచాయి.

"మాకేం అభ్యంతరం లేదు సార్, సభ్యుల ఇష్టం" అన్నాడు కంపెనీ మనిషి, నవ్వు చెదరకుండా.

"ఏదో ఒకటి తేలిస్తే మంచిది. దీనికి గడువుంది" అంది అధికారిణి.

తొందరపెట్టే గొంతు మాస్టారికి కొత్త కాదు. గడువు, గడువు అని జీవితమంతా ఆయన చెవుల్లో జోరీగల్లా మోగిన మాటే. ఈవిడ కంపెనీ మనిషన్నమాట, అని ఆ క్షణానే తేల్చేసుకున్నారు. పాపం, అంత త్వరగా ఆయన తేల్చిన పని అదొక్కటే.

సందులో ఆ సాయంత్రం మాస్టారికి జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. కుర్చీ వేశారు, విసనకర్ర ఇచ్చారు, హాల్లో ఏం జరిగిందో మూడుసార్లు చెప్పించుకున్నారు. "కంపెనీ వాడి మొహం మాడిపోయి ఉంటుంది!" అన్నారెవరో. మాడలేదు, నిజానికి అతను నవ్వుతూనే ఉన్నాడు. కానీ సందు అంతగా మాడాలని కోరుకుంటుంటే కాదనడం మాస్టారికి బాగోలేదు. "మాడింది" అన్నారు.

రెండోసారికి పెద్ద పటం వచ్చింది, దుప్పటంత. మాస్టారు దాన్ని చూడనైనా చూడకుండా, స్థలం కళ్ళారా చూడనిదే ఎలా అన్నారు. సరే, మూడోసారికి కమిటీ అంతా ఎర్రటి ఎండలో బీడుకు వెళ్ళింది. ఛైర్మన్ బూటు మెత్తటి మన్నులో దిగబడింది. అధికారిణి అంచున నిలబడి "ఇదిగో, ఇక్కడ..." అని చెయ్యి చాపేలోగా మాస్టారు కంప చెట్ల సంగతి ఎత్తుకున్నారు. చెట్లెన్ని, పిట్టలెన్ని, కొట్టేస్తే పాపం ఎవరిది? ఎండ నెత్తి మాడుస్తుంటే పిట్టల గురించి వాదించే ఓపిక ఎవరికుంటుంది? వాయిదా.

నాలుగోసారి హాల్లో మైకు పనిచెయ్యలేదు. "జనానికి వినపడని సభ సభెలా అవుతుంది?" అన్నారు మాస్టారు. అప్పటికి ఆయనకు సభలో మాట్లాడటం రుచి మరిగింది. మాట విరవడం, ఆగడం, చుట్టూ చూడటం, అన్నీ వచ్చేశాయి.

అప్పుడు అధికారిణి తన చోటు వదిలి ఆయన కుర్చీ దగ్గరకే వచ్చింది. వంగి, మెల్లగా చెప్పింది.

"మాస్టారూ, మీకు వద్దనిపిస్తే వద్దనే ఓటు వేయించండి. లేదంటే షరతు పెట్టించండి. ఏదైనా సరే, ఇవాళ తేల్చండి. గడువు అయిపోతోంది."

మాస్టారికి ఒళ్ళు మండింది. తన దగ్గరికే వచ్చి చెవిలో ఊదేంత ధైర్యమా! గొంతు హాలంతా వినపడేలా పెంచారు.

"నాకు తెలియక అడుగుతాను మేడమ్, వాళ్ళ ప్లాట్ల గురించి మీకెందుకండీ ఇంత ఆత్రం?"

హాలు గొల్లుమంది. వెనక వరసలో కంపెనీ మనిషి కూడా నవ్వాడు. అధికారిణి చెవులు ఎర్రబడ్డాయి. పటం చుట్టేసి, తన చోటుకు పోయి కూర్చుని, ఇక ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికొచ్చి మాస్టారు ఈ ఘట్టాన్ని అభినయంతో సహా చెప్పారు. భార్య నవ్వలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ అడిగింది.

"ఆవిడ ఏదో షరతు అన్నదంటున్నారు. ఏంటండీ అది?"

"ఎవరికి తెలుసు? విననిస్తేగా."

"ఒకసారి వినాల్సింది."

"నీకు తెలీదులే. అవతలివాడి మాట వినడం మొదలుపెట్టామా, చొక్కా ఇచ్చి పంపాల్సిందే."

ఐదోసారి మాస్టారు కొత్త సాకుతో బయల్దేరారు. ఈసారిది అన్నిటికంటే మంచిది. కొత్త రోడ్లకి ఏం పేర్లు పెడతారో ముందే చెప్పాలని పట్టుబట్టబోతున్నారు. పేర్ల దగ్గర ఎంత గొడవ జరుగుతుందో ఆయనకు తెలుసు, ఆ గొడవలో ఏడాది గడిచిపోతుంది. దారి పొడుగునా తనలో తానే నవ్వుకుంటూ వెళ్ళారు.

హాల్లో అంశాలు ఒకటొకటిగా వచ్చి పోయాయి. ఒక దుకాణం మెట్లు, ఒక పెట్రోలు బంకు గోడ, ఎవరిదో మేడ. సభ ముగిసిందని ఛైర్మన్ లేచాడు. మాస్టారు గబగబా గుమాస్తా దగ్గరకు వెళ్ళారు.

"మన బీడు సంగతి రాలేదేం?"

"అదిక రాదు మాస్టారూ."

మాస్టారి గుండె ఎగిరి గంతేసింది. "వెనక్కి తీసుకున్నారా!"

"లేదండీ. ఆమోదం అయిపోయింది."

"ఎవరు ఆమోదించారు?"

"ఎవరూ ఆమోదించలేదు" అన్నాడు గుమాస్తా, ఎక్కువా తక్కువా కాకుండా. "గడువులోగా కమిటీ అవుననీ కాదనీ చెప్పకపోతే ఆమోదించినట్టే లెక్క. నిబంధన అలా ఉంది. మొన్నటితో గడువు దాటింది."

మాస్టారికి కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్లు దిగుతున్న ఛైర్మన్‌ను పరిగెత్తి అందుకున్నారు.

"ఇదెక్కడి అన్యాయమండీ? మనం చెయ్యెత్తకుండా ఆమోదమేమిటి?"

"అదే దాని గొప్పతనం" అన్నాడు ఛైర్మన్ తృప్తిగా. "ఆఫీసులు ఫైళ్ళ మీద కూర్చుంటున్నాయని, జనం మేలు కోసం పెట్టిన నిబంధన. చూశారా, మన మీద మాట రాలేదు. నేనొక సంతకం పెట్టలేదు, మీరొక చెయ్యెత్తలేదు. చేతులు శుభ్రం."

"మా అక్క ఇల్లు మునుగుతుందండీ!"

"అయ్యో" అన్నాడు ఛైర్మన్, నిజంగానే బాధపడుతూ, కారు తలుపు తీసుకుంటూ. "కమిషనర్ ఆఫీసులో ఒకసారి అడిగి చూడకూడదూ?"

కమిషనర్ ఆఫీసులో ఫైలు తమ దగ్గర లేదన్నారు. ఉన్నచోటు అడిగితే రికార్డుల గది అన్నారు. రికార్డుల గదిలో, తేలిపోయినవే తమ దగ్గరకు వస్తాయని, ఇది ఎవరూ తేల్చింది కాదు కాబట్టి ఎక్కడ పెట్టాలో తమకూ తెలియడం లేదని చెప్పారు. ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చున్నాయన చాలా మర్యాదస్తుడు. "ఏ నిర్ణయం మీద ఫిర్యాదు చేస్తున్నారు?" అని అడిగాడు. నిర్ణయం లేదన్నారు మాస్టారు. "నిర్ణయం లేకుండా ఫిర్యాదు ఎలా తీసుకోనండీ?" అన్నాడు. కిటికీ ఊచలు పట్టుకుని మాస్టారు నెత్తీ నోరూ బాదుకున్నారు. ఆయన అంతా విని, పాపం, మంచినీళ్ళిచ్చాడు.

కోపం వచ్చినప్పుడు దాన్ని చూపించుకోవడానికి ఒక మొహం కావాలి. మాస్టారికి ఆ మధ్యాహ్నం ఒక్క మొహం దొరకలేదు. అందరూ మంచివాళ్ళే, ఎవరూ ఏమీ చెయ్యలేదు, పని మాత్రం అయిపోయింది. అన్ని గదులూ తిరిగి, తల ప్రాణం తోకకొచ్చాక, ఇంక మిగిలిన మొహం ఒకటే అని గుర్తొచ్చింది. లేఅవుట్ల అధికారిణి గది వరండా చివర ఉంది.

ఆమె బల్ల నిండా పటాల చుట్టలు. తలెత్తి, "కూర్చోండి మాస్టారూ" అంది.

మాస్టారు కూర్చోలేదు. "ఇలా జరుగుతుందని మీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"చెప్పాల్సిన బాధ్యత లేదా?"

"ప్రతిసారీ చెప్పాను."

"గడువు, గడువు అన్నారు! గడువు దాటితే ఏమవుతుందో చెప్పారా?"

ఆమె చేతిలో ఉన్న పటం చుట్టి పక్కన పెట్టింది.

"చెప్పబోయాను. మీరు పూర్తి చెయ్యనివ్వలేదు. ఆఖరిసారి మీ పక్కకే వచ్చాను. నాకెందుకంత ఆత్రం అన్నారు. అంతమంది నవ్వాక, ఇంక నాకు మాట్లాడాలనిపించలేదు. అది నా తప్పే అనుకోండి. లేచి చెప్పాల్సింది."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఇన్నాళ్ళూ అడగని ప్రశ్న అప్పుడు అడిగారు. "ఆ షరతు ఏంటి మేడమ్?"

"కింది అంచున రెండు ప్లాట్లు వదిలేసి, పెద్ద గుంట తవ్వాలి. పైనుంచి వచ్చే నీళ్ళన్నీ అందులోకి దిగి, అక్కడి నుంచి మెయిన్ కాలువలోకి పోతాయి. సందులోకి చుక్క రాదు. ఇప్పటికంటే నయంగా ఉండేది."

"కంపెనీ వాళ్ళు ఒప్పుకునేవాళ్ళా?"

"మొదటి సమావేశానికి ముందే ఒప్పుకున్నారు. వాళ్ళకు తొందర, రెండు ప్లాట్లు పోతే పోయాయి అన్నారు. ఆ రోజు తేలి ఉంటే గుంట వచ్చేది." ఆమె కిటికీ వైపు చూసింది. "ఇప్పుడు వాళ్ళు పెట్టిన ప్లాను పెట్టినట్టే ఆమోదం అయినట్టు. అందులో గుంట లేదు. ఇప్పుడు అడిగితే ఎందుకు తవ్వుతారు?"

"ఏం చెయ్యలేమా?"

"కోర్టుకు వెళ్ళొచ్చు. అది తేలేదాకా పని ఆగదు. మన్ను లారీలు రేపట్నుంచే వస్తున్నాయట."

ఆమె గొంతులో ఎకసెక్కం ఏమీ లేదు. కాస్త ఉన్నా బాగుండేది అనిపించింది మాస్టారికి, తిరిగి ఒక మాట అని పోట్లాడి బయటపడేవారు. లేచి, చేతులు జోడించి, "పటం అక్షరాలు అంత చిన్నవేం కావు మేడమ్" అని బయటికి నడిచారు.

మెట్ల దగ్గర కంపెనీ మనిషి ఎదురయ్యాడు. ఆయన్ని చూడగానే మొహం చాటంత చేసుకుని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మాస్టారూ! మీ మేలు మరిచిపోలేం. రెండు ప్లాట్లు, అదీ రోడ్డు మూల ప్లాట్లు, దక్కాయి. మా సారు మీ పేరే చెప్పుకుంటున్నారు. మీకు ప్లాటు కావాలంటే చెప్పండి, మంచిది చూసి పెడతాను."

అతను వెక్కిరించడం లేదు. మనస్ఫూర్తిగానే అంటున్నాడు. మాస్టారు చేతులు విదిలించుకుని, ఎన్ని తిట్లు తెలుసో అన్నీ తిట్టారు. అతనికి ఒక్కటీ అర్థం కాలేదు. "ఏమైంది మాస్టారూ, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని వెనక నుంచి అడుగుతూనే ఉన్నాడు.

దుకాణానికి వెళ్ళబుద్ధి కాలేదు. తిన్నగా సందులోకి దిగారు. దారిలో ఇద్దరు ముగ్గురు "ఏం మాస్టారూ, ఈసారీ వాయిదాయేనా?" అని హుషారుగా పలకరించారు. వినపడనట్టు తలొంచుకుని నడిచారు.

బావ ప్రెస్సు చక్రం బిగిస్తున్నాడు. అక్క నేల మీద కూర్చుని, పక్కన జిగురు గిన్నె పెట్టుకుని, అట్టలకు గుడ్డ అంటిస్తోంది. తమ్ముణ్ణి చూసి మొహం విప్పారింది.

"రారా. ఈసారి ఏం వంక పెట్టావు?"

"అక్కా, అది ఆమోదం అయిపోయింది."

"ఏది?"

"బీడు."

అక్క చేతిలో బ్రష్షు ఆగింది. ఒక్క క్షణమే. "అయితే ఏమైందిరా? దాన్నీ వాయిదా వేయించు" అంది.

అక్క నిజంగానే అంటోంది. వాయిదా వేయించడం తన తమ్ముడి చేతిలో పని అని, అది ఎప్పుడంటే అప్పుడు అవుతుందని ఆవిడ నమ్మకం. మాస్టారు కట్టల మీద కూర్చుని మొత్తం చెప్పారు. ఏదీ దాచలేదు. గడువు సంగతి చెప్పారు, గుంట సంగతి చెప్పారు, మొదటి సమావేశానికి ముందే కంపెనీ ఒప్పుకున్న సంగతి, ఆమెను మాట్లాడనివ్వని సంగతి, నలుగురిలో నవ్వులపాలు చేసిన సంగతి కూడా చెప్పారు. తప్పు కాస్త అధికారిణి మీదికి తోసేద్దామని మధ్యలో ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేశారు.

విన్నాక బావ లేచి గుమ్మంలోకి వెళ్ళాడు. ఎదురు మేడ వైపు చూశాడు. పై గదికి కొత్త బోర్డు వేలాడుతోంది, ఎవరో ట్యూషన్లు పెట్టారు. మెట్ల మీద పిల్లల చెప్పులు వరసగా విప్పి ఉన్నాయి. లోపలికి వచ్చి, గోడ వారగా ఉన్న కట్టల్లో పైవి పక్కకు దించి, అడుగు కట్టను రెండు చేతులా లాగి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఇంకొకటి.

"బావా, నువ్వుండు, నేను ఎత్తుతాను" అని మాస్టారు లేచారు. బావ పక్కకు జరిగాడు గానీ మొహం చూడలేదు. బల్ల నిండిపోయింది. ప్రెస్సు మీద రెండు పట్టాయి. వెనక గదిలో మంచం మీద పరుపు చుట్టేసి అక్కడ నాలుగు పెట్టారు. అడుగు వరసలో ఇంకా సగం అలాగే ఉంది.

"మేం ఎక్కడ పడుకోవాలి?" అంది అక్క, ఎవరినీ అడగనట్టుగా.

మాస్టారు కట్ట చేతుల్లో పట్టుకుని నిలబడిపోయారు. తిడుతుందేమో అని చూశారు. చిన్నప్పుడు దెబ్బ వేసే ముందు అక్క కళ్ళు ఎలా ఉండేవో ఆయనకు బాగా తెలుసు. ఆ కళ్ళు కావు ఇవి. అక్క జిగురు ఆరిపోతున్న అట్టను తీసుకుని, గుడ్డ అంచు మడిచి, బొటనవేలితో నొక్కుతూ కూర్చుంది.

"నా కోసం ఎంత తిరిగావురా" అంది. "నువ్వు ఆ కమిటీలో మునుపటిలా నోరు మూసుకుని కూర్చున్నా మాకు గుంట వచ్చేది."

మాస్టారికి చేతులు లాగుతున్నాయి, కట్ట బరువుగా ఉంది. గది చుట్టూ చూశారు. "ఇదెక్కడ పెట్టమంటావక్కా?" అని అడిగారు.